బీబీసీ చెరిపివేసిన కార్యక్రమాలు

బ్రిటన్ ప్రజా ప్రసార సంస్థ అయిన బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ (బీబీసీ) 1950, 1960, 1970 దశకాలలో తాను ప్రసారం చేసిన అనేక టెలివిజన్, రేడియో కార్యక్రమాలను తరువాత చెరిపివేసినది లేదా ధ్వంసం చేసినది. వీటినే బీబీసీ చెరిపివేసిన కార్యక్రమాలు అంటారు. వీటిలో నాటకాలు, వార్తలు, పిల్లల కార్యక్రమాలు కూడా ఉన్నాయి. అయితే ఆ రోజులలో "తేలికపాటి వినోదం"గా భావించబడిన రాక్ సంగీత కార్యక్రమాలు, హాస్య ధారావాహికలు భారీగా నష్టపోయినవి. బీటిల్స్ బృందం, బాబ్ డిలాన్, పింక్ ఫ్లాయిడ్, డేవిడ్ బౌవీ వంటి సంగీతకారుల ప్రదర్శనలు, పీటర్ కుక్, డడ్లీ మూర్, టోనీ హాంకాక్ వంటి హాస్యనటుల కార్యక్రమాలు ఈ విధంగా పోయినవి.

ఈ చెరిపివేత రహస్యంగానో, దురుద్దేశంతోనో జరిగినది కాదు. ఆనాటి పరిస్థితులలో అది మామూలు కార్యాలయ వ్యవహారం. 1978 ప్రాంతంలో ఈ పద్ధతి నిలిచిపోయినది. అప్పటి నుండి పోయిన కార్యక్రమాల కోసం వెదుకులాట కొనసాగుతున్నది. ఇంతవరకు లభించిన వాటిలో గణనీయమైన భాగం అభిమానుల ఇళ్ళ నుండి, విదేశీ ప్రసార కేంద్రాల గిడ్డంగుల నుండి దొరికినవే. పాత రాక్ సంగీతం, పాత హాస్యం పట్ల సామాన్య శ్రోతలకు, ప్రేక్షకులకు ఉన్న అభిమానం ఒక దేశపు సాంస్కృతిక చరిత్రను ఎంతవరకు కాపాడగలిగినదో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

నేపథ్యం

బీబీసీ 1936 నవంబరు 2న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుండి క్రమబద్ధమైన టెలివిజన్ ప్రసారాలను ప్రారంభించినది. తొలి రోజులలో కార్యక్రమాలు దాదాపు అన్నీ ప్రత్యక్ష ప్రసారాలే. నటులు స్టూడియోలో నటిస్తూ ఉండగానే ఆ దృశ్యం ప్రేక్షకుల ఇళ్ళకు చేరేది. ఆదివారం ప్రసారమైన నాటకాన్ని గురువారం మరల చూపవలసి వస్తే, నటీనటులందరూ తిరిగి స్టూడియోకు వచ్చి నాటకాన్ని మొదటి నుండి చివరి వరకు మరల ఆడేవారు. టెలివిజన్ కార్యక్రమం అనేది రంగస్థల ప్రదర్శన వలె జరిగిపోయేదే కాని దాచిపెట్టుకొనే వస్తువు కాదని ఆనాటివారి భావన. తరువాతి కాలంలో రికార్డింగు సౌకర్యం వచ్చినా ఈ భావన చాలాకాలం మారలేదు.

ప్రసారాన్ని భద్రపరచడానికి రెండు మార్గాలు ఏర్పడినవి. మొదటిది, టెలివిజన్ తెర ఎదుట ఫిల్ము కెమెరాను ఉంచి తెర మీది బొమ్మను చిత్రించడం. రెండవది వీడియో టేపు. అమెరికాకు చెందిన ఆంపెక్స్ సంస్థ 1956లో రెండు అంగుళాల వెడల్పు గల టేపుపై దృశ్యాన్ని, ధ్వనిని అయస్కాంత రూపంలో నమోదు చేసే యంత్రాన్ని విడుదల చేసినది. త్వరలోనే ఇటువంటి యంత్రాలు బ్రిటన్‌కు కూడా చేరినవి.

ఫిల్ముకు, టేపుకు ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ఫిల్ముపై ఒకసారి బొమ్మ పడిన తరువాత దానిని మరల వాడడానికి వీలులేదు. టేపును మాత్రం చెరిపి మళ్ళీ మళ్ళీ వాడవచ్చును. పలకపై వ్రాసినది తుడిచి మరల వ్రాసినట్లే ఇదీను. టేపు యొక్క ఈ సుగుణమే చివరకు కార్యక్రమాల పాలిట శాపమైనది.

చెరిపివేతకు కారణాలు

చెరిపివేతకు ఏదో ఒకే కారణం చెప్పడానికి వీలులేదు. ఈ క్రింది కారణాలన్నీ కలిసి పనిచేసినవి.

టేపు ఖరీదు: రెండు అంగుళాల వీడియో టేపు చాలా ఖరీదైనది. ఒక కార్యక్రమం ప్రసారమై, దానిని మరల చూపే అవకాశం లేదని తేలిన తరువాత, ఆ టేపును చెరిపి కొత్త కార్యక్రమానికి వాడడం పొదుపుగా భావించేవారు. ప్రజలు చెల్లించే లైసెన్సు రుసుముతో నడిచే సంస్థకు ఇది సహజమైన ఆలోచనే.

పునఃప్రసారంపై ఒప్పందాలు: నటుల సంఘము, సంగీతకారుల సంఘము పాత కార్యక్రమాలను తిరిగి చూపడంపై పరిమితులు విధించేలా ఒప్పందాలు చేసుకున్నవి. పాత కార్యక్రమాలనే మళ్ళీ మళ్ళీ చూపితే తమ సభ్యులకు కొత్త పని దొరకదని ఆ సంఘాల భయం. సాధారణంగా ఒక కార్యక్రమాన్ని నిర్ణీత కాలంలో ఒకటి రెండు సార్లు మాత్రమే తిరిగి చూపవచ్చును. ఆ గడువు తీరితే మరల ఒప్పందం చేసుకొని, మరల పారితోషికం చెల్లించవలసి వచ్చేది. గడువు తీరిన టేపు సంస్థ దృష్టిలో నిరుపయోగమైన వస్తువు.

రంగుల టెలివిజన్: బీబీసీ రెండవ ఛానెలులో 1967 జులైలోను, మొదటి ఛానెలులో 1969 నవంబరులోను రంగుల ప్రసారాలు ప్రారంభమైనవి. దీనితో అంతకు ముందరి నలుపు తెలుపు కార్యక్రమాలకు ఇక గిరాకీ ఉండదని భావించారు.

ఇంటి వీడియో లేకపోవడం: ప్రజలు తమకు నచ్చిన పాత కార్యక్రమాన్ని కొనుక్కొని ఇంటిలో చూసుకొంటారనే ఊహ అప్పటికి లేదు. జపానులో బీటామాక్స్ 1975లో, వీహెచ్ఎస్ 1976లో వచ్చినవి. బ్రిటన్‌లో ఇవి విరివిగా వ్యాపించేసరికి చాలా టేపులు చెరిగిపోయి ఉన్నవి.

బాధ్యత ఎవరిదో తేలకపోవడం: బీబీసీలో ఫిల్ము గ్రంథాలయం ఫిల్ములను మాత్రమే దాచేది. వీడియో టేపులు ఇంజనీరింగు విభాగం అధీనంలో ఉండేవి. విదేశాలకు అమ్మడానికి తీసిన 16 మిల్లీమీటర్ల ఫిల్ము ప్రతులు వాణిజ్య విభాగం వద్ద ఉండేవి. ఫిల్ము ప్రతులు ఉన్నాయి కదా అని టేపులను చెరిపేవారు. అసలు టేపులు మరొక విభాగంలో ఉంటాయి కదా అని, అమ్మకపు గడువు ముగిసిన ఫిల్ములను వాణిజ్య విభాగంవారు పారవేసేవారు. ఇద్దరూ రెండవవారి వద్ద ప్రతి ఉన్నదనుకొనగా, చివరకు ఎవరి వద్దా మిగలలేదు.

విలువ నిర్ణయం: రాజకుటుంబ వేడుకలు, పెద్ద నాటకాలు, ప్రముఖుల ప్రసంగాలు భద్రపరచదగినవని ఎవరికీ సందేహం ఉండేది కాదు. ఆ వారం జనాదరణ పొందిన పాటలు, నవ్వించే నాటికలు ఆ వారంతోనే తీరిపోయేవిగా కనిపించేవి. నలభై ఏళ్ళ తరువాత కూడా ప్రజలు వాటిని వెదుక్కొంటారని ఆనాటి అధికారులు ఊహించలేదు.

రాక్ సంగీతానికి జరిగిన నష్టం

టాప్ ఆఫ్ ద పాప్స్

ఆ వారం ఎక్కువగా అమ్ముడుపోతున్న గ్రామఫోను రికార్డుల ఆధారంగా పాటలను ప్రదర్శించే "టాప్ ఆఫ్ ద పాప్స్" కార్యక్రమం 1964 జనవరి 1న మాంచెస్టర్‌లో, పాత చర్చి భవనంలో ఏర్పరచిన స్టూడియో నుండి ప్రారంభమైనది. 2006 జులై 30 వరకు ఇది ప్రతి వారం ప్రసారమైనది. బ్రిటిష్ రాక్ సంగీతపు స్వర్ణయుగంగా పేర్కొనబడే 1964-1973 మధ్య సుమారు 500 ప్రసారాలు జరుగగా, వాటిలో పూర్తిగా మిగిలినవి 20 ప్రాంతంలో మాత్రమే.

బీటిల్స్ బృందం ఈ కార్యక్రమం స్టూడియోకు స్వయంగా వచ్చి ప్రత్యక్ష ప్రసారంలో పాల్గొన్నది 1966 జూన్ 16న ఒక్కసారే. ఆనాటి టేపు చెరిపివేయబడినది. 2019లో ఆ ప్రసారానికి సంబంధించిన 11 సెకన్ల మూగ దృశ్యం బయటపడినది. ఒక ప్రేక్షకుడు తన ఇంటిలోని టెలివిజన్ తెరను 8 మిల్లీమీటర్ల కెమెరాతో చిత్రించగా మిగిలిన దృశ్యమది. తరువాత మరికొంత భాగం కూడా వెలుగు చూసినది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన బృందం, ఆ దేశపు ప్రధాన ప్రసార సంస్థ స్టూడియోలో చేసిన ప్రదర్శనకు మిగిలిన ఆధారం ఒక సామాన్యుని చేతి కెమెరా అన్నమాట.

1965లో ఇదే కార్యక్రమంలో చూపిన బీటిల్స్ పాటలోని ఒక చిన్న భాగం మరొక విచిత్రమైన రీతిలో మిగిలినది. కాలంలో ప్రయాణించే వీరుని కథ అయిన "డాక్టర్ హూ" ధారావాహికలో 1965 మే 22న ప్రసారమైన భాగంలో, పాత్రలు గత కాలపు దృశ్యాలను చూపే యంత్రంలో బీటిల్స్ బృందాన్ని చూస్తారు. అందుకోసం "టాప్ ఆఫ్ ద పాప్స్" నుండి తీసుకొన్న ముక్కను వాడారు. అసలు కార్యక్రమం పోయినది, కథలో అతికించిన ముక్క మిగిలినది.

బాబ్ డిలాన్

అమెరికా గాయకుడు బాబ్ డిలాన్ 1962-63 శీతకాలంలో, ఇంకా పెద్దగా పేరు రాని రోజులలో, లండన్‌కు వచ్చి "మ్యాడ్‌హౌస్ ఆన్ క్యాజిల్ స్ట్రీట్" అనే బీబీసీ నాటకంలో నటించి పాటలు పాడాడు. ఫిలిప్ సావిల్ దర్శకత్వం వహించిన ఈ నాటకం 1963 జనవరి 13న ప్రసారమైనది. 1968లో దీని ప్రతిని ధ్వంసం చేశారు. అప్పటికి డిలాన్ ప్రపంచమంతటా పేరు పొందిన గాయకుడు. అయినా నాటకానికి గాని, గాయకునికి గాని మినహాయింపు దొరకలేదు. డిలాన్ 2016లో సాహిత్యంలో నోబెల్ బహుమతి పొందాడు. ఈ నాటకం దృశ్యాలు ఇప్పటికీ లభించలేదు. శ్రోతలు ఇళ్ళలో రికార్డు చేసుకొన్న పాటల ధ్వని మాత్రం కొంత మిగిలినది.

పింక్ ఫ్లాయిడ్, డేవిడ్ బౌవీ

1969 జులైలో అపోలో 11 చంద్రునిపై దిగిన సందర్భంగా బీబీసీ ప్రత్యేక ప్రసారాలు చేసినది. వాటిలో భాగంగా పింక్ ఫ్లాయిడ్ బృందం స్టూడియోలో అప్పటికప్పుడు కల్పించిన సంగీతాన్ని వాయించినది. ఆ చారిత్రక దినాలలో బీబీసీ స్టూడియోలో జరిగిన కార్యక్రమాల టేపులు కూడా మిగలలేదు. సంగీతం మాత్రం ధ్వని రూపంలో నిలిచినది.

డేవిడ్ బౌవీ 1973 జనవరిలో "టాప్ ఆఫ్ ద పాప్స్"లో పాడిన "ద జీన్ జీనీ" పాట దాదాపు 38 ఏళ్ళ పాటు పోయినదిగానే భావించబడినది. ఆనాడు చిత్రీకరణలో పాల్గొన్న జాన్ హెన్‌షాల్ అనే కెమెరామాన్ తాను రూపొందించిన ప్రత్యేకమైన కటకంతో తీసిన దృశ్యాలు అందులో ఉండడం వలన, జ్ఞాపకార్థం ఒక ప్రతిని తీయించుకొన్నాడు. ఇది మరెవ్వరి వద్దా లేదని ఆయనకు చాలాకాలం తెలియదు. 2011 డిసెంబరు 21న బీబీసీ దీనిని తిరిగి ప్రసారం చేసినది.

రేడియో

రేడియోలోనూ ఇదే పరిస్థితి. బీటిల్స్ బృందం 1962-1965 మధ్య 52 బీబీసీ రేడియో కార్యక్రమాలలో పాల్గొని, 88 పాటలను మొత్తం 275 సార్లు ప్రదర్శించినది. వాటిలో 36 పాటలు ఆ బృందం ఆ రోజులలో రికార్డులుగా విడుదల చేయనివి. సంస్థ వద్ద వీటిలో చాలా కొద్ది మాత్రమే మిగిలినవి. 1980 దశకంలో మొదలైన అన్వేషణలో, విదేశీ కేంద్రాలకు పంపిన డిస్కుల నుండి, శ్రోతలు రేడియో పక్కన టేపు రికార్డరు పెట్టి నమోదు చేసుకొన్న ధ్వని నుండి అనేక పాటలు సేకరించబడినవి. ఈ సేకరణ 1994లో "లైవ్ ఎట్ ద బీబీసీ" అనే ఆల్బముగా వెలువడినది. 2013లో దానికి రెండవ సంపుటం వచ్చినది.

హాస్య కార్యక్రమాలకు జరిగిన నష్టం

హాంకాక్స్ హాఫ్ అవర్: టోనీ హాంకాక్ నటించగా రే గాల్టన్, అలన్ సింప్సన్ రచించిన ఈ కార్యక్రమం 1954లో రేడియోలో, 1956లో టెలివిజన్‌లో ప్రారంభమైనది. విడి విడి హాస్యపు తునకలు, పాటలు లేకుండా ఒకే పాత్ర స్వభావం నుండి అరగంట కథను నడిపించడం దీని ప్రత్యేకత. తరువాతి బ్రిటిష్ హాస్య ధారావాహికలకు ఇది ఒరవడి దిద్దినది. అయినా దీని తొలి టెలివిజన్ భాగాలలో ఎక్కువ మిగలలేదు.

నాట్ ఓన్లీ... బట్ ఆల్సో: పీటర్ కుక్ (1937-1995), డడ్లీ మూర్ (1935-2002) జంట 1965-1970 మధ్య నిర్వహించిన ఈ కార్యక్రమంలో చాలా భాగం చెరిపివేయబడినది. టేపులకు అయ్యే ఖర్చు తామే భరిస్తామని పీటర్ కుక్ కోరినా సంస్థ అంగీకరించలేదని చెబుతారు. 1970లో రంగులలో తీసిన మూడవ ధారావాహికలో స్టూడియో బయట ఫిల్ముపై తీసిన దృశ్యాలు మాత్రమే మిగిలినవి. స్టూడియో దృశ్యాలు టేపుపై, బయటి దృశ్యాలు ఫిల్ముపై తీయడమే ఇందుకు కారణం.

డాడ్స్ ఆర్మీ: రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఒక చిన్న ఊరిలోని గృహరక్షక దళంలో చేరిన వృద్ధుల కథ ఇది. 1968-1977 మధ్య 80 భాగాలుగా ప్రసారమైనది. 1969లో వచ్చిన రెండవ ధారావాహికలోని ఆరు భాగాలలో ఐదు పోయినవి. 2001లో వాటిలో రెండు తిరిగి దొరికినవి. ఒక ఫిల్ము స్టూడియో పారవేసిన డబ్బాలను ఒకాయన ఇంటికి తెచ్చుకొని తోటలోని షెడ్డులో ఉంచగా, అవి ఏళ్ళ తరబడి అక్కడే పడి ఉన్నవి. మిగిలిన మూడు భాగాలు లభించలేదు. వాటి రచన మాత్రం ఉండడం వలన 2019లో కొత్త నటులతో తిరిగి చిత్రించారు.

స్టెప్టో అండ్ సన్: పాత సామాను వ్యాపారం చేసే తండ్రీకొడుకుల కథ ఇది. గాల్టన్, సింప్సన్ రచయితలు. దీని భాగాలన్నీ ఏదో ఒక రూపంలో మిగిలినవి. రంగులలో తీసిన కొన్ని భాగాల అసలు టేపులు పోగా, రచయితల కోసం తీసిన నలుపు తెలుపు ప్రతులే ఇప్పుడు ఆధారం.

మోర్కంబ్ అండ్ వైజ్: ఎరిక్ మోర్కంబ్, ఎర్నీ వైజ్ జంట బీబీసీలో చేసిన తొలి కార్యక్రమాలలో చాలా వరకు పోయినవి. 1970లో తీసిన ఒక భాగం మోర్కంబ్ కుటుంబం ఇంటి అటకపై దొరకగా, 2021 క్రిస్మస్ నాడు బీబీసీ దానిని ప్రసారం చేసినది.

త్రుటిలో తప్పిన ప్రమాదం: మాంటీ పైథాన్

గ్రాహం చాప్మన్, జాన్ క్లీజ్, టెర్రీ గిలియం, ఎరిక్ ఐడిల్, టెర్రీ జోన్స్, మైకేల్ పేలిన్ అనే ఆరుగురి సృష్టి అయిన "మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్" 1969 అక్టోబరు 5న ప్రారంభమై 1974 డిసెంబరు 5న ముగిసినది. మొత్తం 45 భాగాలు. ఈ టేపులను కూడా చెరిపివేయబోతున్నారని తెలిసి, తాను వాటికి ప్రతులు తీయించి ఇంటిలో దాచుకొన్నానని టెర్రీ జోన్స్ (1942-2020) తరువాతి కాలంలో చెప్పాడు. చివరకు అసలు టేపులు చెరిగిపోలేదు. 1974లో అమెరికాలోని డల్లాస్ నగరపు ప్రజా టెలివిజన్ కేంద్రం వీటిని ప్రసారం చేయగా, అక్కడ నుండి బృందానికి అమెరికా అంతటా పేరు వచ్చినది. టేపులు లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు.

మాంటీ పైథాన్ సభ్యులలో కొందరు అంతకు ముందు స్వతంత్ర టెలివిజన్‌లో చేసిన కార్యక్రమాలకు ఈ అదృష్టం పట్టలేదు. చాప్మన్, క్లీజ్, మార్టీ ఫెల్డ్‌మన్, టిమ్ బ్రూక్-టేలర్ కలిసి 1967లో చేసిన "ఎట్ లాస్ట్ ద 1948 షో" 13 భాగాలలో చాలా వరకు పోయినవి. స్వీడన్‌లో ప్రసారం కోసం కూర్చిన సంకలనాల ద్వారా కొంత భాగం మిగిలినది. 2014లో ప్రముఖ వ్యాఖ్యాత డేవిడ్ ఫ్రాస్ట్ సేకరణ నుండి మరి రెండు భాగాలు లభించినవి.

రాక్ సంగీతానికి, హాస్యానికి గల సంబంధం

ఈ రెండు రంగాలు ఆ కాలంలో ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నవి. 1964లో ప్రసారమైన మోర్కంబ్, వైజ్‌ల కార్యక్రమంలో బీటిల్స్ పాటలు పాడడమే కాక హాస్య నాటికలో కూడా పాల్గొన్నారు. జాన్ లెనన్ 1965, 1966 సంవత్సరాలలో కుక్, మూర్‌ల కార్యక్రమంలో కనిపించాడు. ఆ భాగాలు మిగిలినవి. 1975లో వచ్చిన "మాంటీ పైథాన్ అండ్ ద హోలీ గ్రెయిల్" చలనచిత్రానికి పెట్టుబడి పెట్టినవారిలో పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెపెలిన్ బృందాలవారు ఉన్నారు. "లైఫ్ ఆఫ్ బ్రయన్" (1979) చిత్రం నుండి నిర్మాణ సంస్థ చివరి నిమిషంలో తప్పుకొనగా, బీటిల్స్ సభ్యుడు జార్జి హారిసన్ తన ఇంటిని తాకట్టు పెట్టి డబ్బు సమకూర్చాడు. ఆ చిత్రం చూడాలన్న కోరికతోనే ఆ పని చేశానని ఆయన చెప్పేవాడు.

ఒకే తరం యువకులు, ఒకే స్టూడియోలలో, ఒకే ప్రేక్షకుల కోసం చేసినందువలన ఈ రెండూ ఒకే విధంగా నష్టపోయినవి. వాటిని తిరిగి వెదికినవారు కూడా చాలా వరకు ఒకే రకమైన అభిమానులు.

తిరిగి లభించిన మార్గాలు

విదేశీ ప్రసార కేంద్రాలు: బ్రిటన్ తన కార్యక్రమాలను ఫిల్ము ప్రతుల రూపంలో ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా దేశాలకు అమ్మేది. వాడిన తరువాత వాటిని తిరిగి పంపాలి, లేదా ధ్వంసం చేయాలి, లేదా తరువాతి దేశానికి పంపాలి. ఏదీ జరుగని చోట అవి గిడ్డంగులలో మిగిలిపోయినవి. 2013లో నైజీరియాలోని జోస్ నగరంలో "డాక్టర్ హూ" ధారావాహికకు చెందిన తొమ్మిది పోయిన భాగాలు దొరికినట్లు ప్రకటించారు.

ఇంటి రికార్డింగులు: వీడియో లేని రోజులలో అభిమానులు టెలివిజన్ స్పీకరు ముందు మైక్రోఫోను పెట్టి ధ్వనిని టేపు చేసుకొనేవారు. "డాక్టర్ హూ"లో దృశ్యం పోయిన భాగాలన్నింటికీ ధ్వని మిగిలి ఉండడానికి ఇదే కారణం. ఈ ధ్వని ఆధారంగా కొన్ని భాగాలకు యానిమేషన్ బొమ్మలు చేర్చి విడుదల చేశారు.

తెర ఛాయాచిత్రాలు: జాన్ క్యూరా అనే ఛాయాగ్రాహకుడు ప్రసారం జరుగుతున్నపుడు టెలివిజన్ తెరను వరుసగా ఫోటోలు తీసి నటులకు, దర్శకులకు అమ్మేవాడు. అనేక కార్యక్రమాలు ఎలా కనిపించేవో తెలుసుకొనడానికి ఇప్పుడు ఆ ఫోటోలే ఆధారం.

సెన్సారు ముక్కలు: ఆస్ట్రేలియాలో పిల్లలకు తగవని సెన్సారువారు "డాక్టర్ హూ" నుండి కత్తిరించిన ముక్కలు ప్రభుత్వ దస్తావేజులలో భద్రంగా ఉండి 1996లో బయటపడినవి. చూపదగిన భాగం నశించి, చూపరాదన్న భాగం నిలిచినది.

వ్యక్తిగత సేకరణలు: హాస్యనటుడు బాబ్ మంక్‌హౌస్ (1928-2003) ఫిల్ములను, టేపులను విస్తారంగా సేకరించాడు. హక్కులు లేకుండా ఫిల్ములు ఉంచుకొన్నాడనే అభియోగంపై ఆయన న్యాయస్థానానికి వెళ్ళవలసి వచ్చి, 1979లో నిర్దోషిగా బయటపడ్డాడు. ఆయన మరణానంతరం ఆ సేకరణలో ఇతరత్రా లభ్యం కాని అనేక కార్యక్రమాలు ఉన్నట్లు తేలినది. తమపై కూడా ఇటువంటి చర్య జరుగుతుందేమో అనే భయం చాలామంది సేకర్తలను మౌనంగా ఉంచినది.

రంగుల పునరుద్ధరణ

రంగులలో తీసిన కొన్ని కార్యక్రమాలకు నలుపు తెలుపు ఫిల్ము ప్రతులు మాత్రమే మిగిలినవి. రంగుల ప్రసారంలో రంగుకు సంబంధించిన సంకేతం బొమ్మతో కలిసి ప్రయాణిస్తుంది. నలుపు తెలుపు తెరపై ఈ సంకేతం అతి సన్నని చుక్కల రూపంలో కనిపిస్తుంది. తెరను ఫిల్ముపై చిత్రించినపుడు ఆ చుక్కలు కూడా ఫిల్ముపై పడినవి. సాధారణంగా ఇవి బొమ్మకు పట్టిన దోషంగా భావించబడేవి. ఈ చుక్కలను కంప్యూటరుతో విశ్లేషిస్తే అసలు రంగులను తిరిగి రాబట్టవచ్చునని తరువాత గుర్తించారు. ఈ పద్ధతిలో రంగులు తిరిగి పొందిన "డాడ్స్ ఆర్మీ" భాగం ఒకటి 2008 డిసెంబరులో ప్రసారమైనది. ఇది చేతితో అద్దిన రంగు కాదు, 1969లో కెమెరా చూసిన రంగే.

విధానంలో మార్పు

1970 దశకం మధ్య నాటికి గృహ వీడియో వచ్చే సూచనలు కనిపించినవి. కార్యక్రమాల చరిత్రను గూర్చి పరిశోధకులు, అభిమానులు ప్రశ్నించడం ప్రారంభించారు. 1978లో బీబీసీ తన ఫిల్ము, వీడియో టేపుల భద్రతను ఒకే గ్రంథాలయం క్రిందికి తెచ్చినది. ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి అని నిర్ణయించడానికి ప్రత్యేక ఉద్యోగిగా స్యూ మాల్డన్ నియమితురాలైనది. ఆమె జరిపిన పరిశీలనలో నష్టం ఎంతటిదో స్పష్టమైనది. ఇంకా ధ్వంసం కాని ఫిల్ములను ఆపడంలో ఇయాన్ లెవీన్ వంటి అభిమానులు కూడా తోడ్పడ్డారు.

బ్రిటిష్ ఫిల్ము ఇన్‌స్టిట్యూట్ 1993 నుండి "మిస్సింగ్ బిలీవ్డ్ వైప్డ్" పేరుతో, తిరిగి లభించిన కార్యక్రమాలను ప్రజలకు చూపుతున్నది. ప్రజల వద్ద ఉన్న ప్రతులను తెచ్చి ఇవ్వవలసినదిగా కోరుతూ 2001లో బీబీసీ ఒక ప్రచారాన్ని చేపట్టినది.

ఇతర సంస్థలు

ఈ నష్టం బీబీసీకి మాత్రమే పరిమితం కాదు. బ్రిటన్ స్వతంత్ర టెలివిజన్‌లో 1963-1966 మధ్య వచ్చిన "రెడీ స్టెడీ గో!" సంగీత కార్యక్రమం కూడా చాలా వరకు పోయినది. మిగిలిన భాగాల హక్కులను డేవ్ క్లార్క్ ఫైవ్ బృందపు డ్రమ్ము వాద్యకారుడు డేవ్ క్లార్క్ కొని కాపాడాడు. అమెరికాలో ఎన్‌బీసీ సంస్థ జానీ కార్సన్ "టునైట్ షో" మొదటి పదేళ్ళ (1962-1972) టేపులలో అధిక భాగాన్ని చెరిపివేసినది. 1968 మే నెలలో జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ పాల్గొన్న భాగం కూడా వాటిలో ఉన్నది.

ప్రాముఖ్యత

మిగిలిన దృశ్యాలే క్రమంగా ప్రజల జ్ఞాపకంగా మారుతాయి. 1972 జులైలో డేవిడ్ బౌవీ "టాప్ ఆఫ్ ద పాప్స్"లో పాడిన "స్టార్‌మ్యాన్" పాట టేపు మిగిలినది. ఆనాటి సంగీత చరిత్రను గూర్చిన కార్యక్రమాలలో అది తరచుగా కనిపిస్తుంది. అదే కాలంలో పాడిన ఇతర గాయకుల ప్రదర్శనలు అంతకు తీసిపోకపోయినా, చూపడానికి లేకపోవడం వలన చర్చకు రావు. కాబట్టి పాత కార్యక్రమాల ఆధారంగా ఒక కాలాన్ని అంచనా వేసేవారు, తాము చూస్తున్నది మిగిలిన కొద్ది భాగం మాత్రమే అని గుర్తుంచుకొనవలసి ఉన్నది.

రెండవ విషయం విలువకు సంబంధించినది. ఆనాడు తేలికపాటివని భావించి చెరిపిన "డాడ్స్ ఆర్మీ" వంటివి తరువాత అనేక పర్యాయాలు పునఃప్రసారమై, వీడియో క్యాసెట్లుగా, డీవీడీలుగా అమ్ముడుపోయి సంస్థకు ఆదాయం తెచ్చినవి. ఏది నిలుస్తుందో సమకాలికులు నిర్ణయించడం కష్టమని దీని వలన తెలుస్తున్నది. పాత పాటలపై, పాత హాస్యంపై మమకారం కాలక్షేపంగా కనిపించినా, సంస్థ వదిలివేసిన పనిని చేసినది ఆ మమకారమే. టేపు రికార్డరు ముందు మౌనంగా కూర్చున్న బాలలు, పారవేసిన డబ్బాను ఇంటికి తెచ్చుకొన్నవారు, జ్ఞాపకార్థం ప్రతి తీయించుకొన్న కెమెరామాన్ - వీరెవరూ చరిత్రకారులు కారు.

ఈ అన్వేషణకు కాలపరిమితి కూడా ఉన్నది. అయస్కాంత టేపులు, ఫిల్ములు కాలక్రమేణా పాడవుతాయి. 1960 దశకంలో రికార్డు చేసుకొన్నవారు ఇప్పుడు వృద్ధులు. వారి తరువాత ఆ డబ్బాలలో ఏమున్నదో తెలియని వారసులు వాటిని పారవేసే అవకాశం ఉన్నది. పాత ఇళ్ళు ఖాళీ చేసేటప్పుడు దొరికే ఫిల్ము డబ్బాలను, టేపు చుట్టలను పారవేయక ముందు ఒకసారి తెలిసినవారికి చూపవలసినదిగా ఈ రంగంలో కృషి చేస్తున్నవారు కోరుతున్నారు.

ఇవి కూడా చూడండి

బీబీసీ
బీటిల్స్
బాబ్ డిలాన్
పింక్ ఫ్లాయిడ్
డేవిడ్ బౌవీ
మాంటీ పైథాన్
రాక్ సంగీతం
వీడియో టేపు